బందరు బజారు: ఓడ రాకముందే ఆలోచించవలసిన మాట

బంగారుపాళ్యం సముద్రానికి ఎంతో దూరంలో, చిత్తూరు నుండి పలమనేరు వెళ్ళే రహదారి మీద ఉన్న ఊరు. మామిడి కాలంలో అక్కడి మార్కెట్ యార్డు తోతాపురి కాయల లోడ్లతో నిండిపోతుంది. 2025లో ధర పడిపోయినప్పుడు రైతుకు కిలోకు 12 రూపాయలు దక్కాలని, అందులో 4 రూపాయలు తాను భరిస్తానని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. కాయకు కొదువ లేదు, యార్డు ఉంది, రహదారి ఉంది. అయినా రైతు కంట నీరు ఆగలేదు. మరి ఒక బజారును నిజంగా నిలబెట్టేది ఏమిటి? ఈ ప్రశ్నను వెంటబెట్టుకొని మేము ఆ ప్రాంతం నుండి కృష్ణా జిల్లా మచిలీపట్నం వెళ్ళాము. ఒకప్పుడు లోకమంతటికీ సరుకు పంపిన బజారు అది. నేడు మరొక రేవు కోసం ఎదురుచూస్తున్నది.

విజయవాడ నుండి దాదాపు 70 కిలోమీటర్లు. పుణె నుండి వచ్చే 65వ జాతీయ రహదారి ఇక్కడే ముగుస్తుంది. జనం నోట ఈ ఊరు బందరే. ఫారసీలో బందర్ అంటే ఓడరేవు. అయితే ఊరి నడిబొడ్డున ఉన్న కోనేరు సెంటర్‌లో నిలబడితే సముద్రం కనిపించదు. రేవు జ్ఞాపకం పేటల పేర్లలో మిగిలింది. వలందపాలెం డచ్చివారిని, పరాసుపేట ఫ్రెంచివారిని తలపిస్తాయి; ఇంగ్లీషుపాలెం ఎవరిదో చెప్పనక్కరలేదు.

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇది రాజ్యానికి ముఖద్వారం. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో ఇక్కడికి చేరారు. తరువాత గోల్కొండ మంత్రిగా ప్రసిద్ధికెక్కిన మీర్ జుమ్లా ఒకప్పుడు ఈ పట్టణానికి పాలనాధికారి. స్వయంగా ఓడలు నడిపిన వర్తకుడు కూడా. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుండి గోల్కొండ సుల్తాను ఓడలోనే ఇక్కడికి వచ్చాడు. బంగాళాఖాతంలో ఓడలు లంగరు వేయడానికి ఇంతకన్న మంచి చోటు లేదని, పెగూ, సయాం మొదలు మక్కా, హోర్ముజ్ వరకు ఇక్కడి నుండే ఓడలు సాగుతాయని రాశాడు. ఆ ఓడల్లో అద్దకం బట్టలతో పాటు హజ్ యాత్రికులూ ఉండేవారు. మిహ్రాబు ఆకారం అచ్చువేసిన నమాజు గుడ్డలు ఇక్కడ తయారై ఇరాన్ ఇళ్ళకు చేరేవి.

ఇంతటి బజారు ఒక్కనాటిలో పోలేదు. ఒడ్డున లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో ఆగితే సరుకును పడవల మీద చేరవేయవలసి వచ్చేది. 1639లో మొదలైన మద్రాసు క్రమంగా ఆంగ్లేయుల వ్యాపారాన్ని తనవైపు లాక్కుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మరమగ్గాల బట్ట వచ్చి ఇక్కడి నేతను, అద్దకాన్ని కుంగదీసింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను ఉప్పెనగా ఊరి మీద పడింది. దాదాపు 30,000 మంది ప్రాణాలు కోల్పోయారు. బందరుకోటలో మిగిలిన కట్టడాల మధ్య తిరుగుతున్నప్పుడు, రాతి మీద రాసిపెట్టని ఆ పేర్లే మాకు ఎక్కువగా గుర్తుకొచ్చాయి.

బజారును బాగుచేయాలన్న ఆలోచన కూడా బందరుకు కొత్తది కాదు. 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే కంపెనీ అధికారి ఇక్కడ ఒక కొత్త పేట కట్టించాడు. దాని అంగడి కూడలికి శోభ రావాలని అమరావతి స్తూపం నుండి 30కి పైగా చెక్కడపు రాళ్ళను తెప్పించి, ఒక దిబ్బ మీద నిలబెట్టాడు. వర్తకం మాత్రం అప్పటికే మద్రాసు దారి పట్టింది. రాళ్ళు ఎండకు, వానకు పాడవుతున్నాయని గుర్తించి వాటిని అక్కడి నుండి తీశారు. చాలావరకు చివరకు మద్రాసు మ్యూజియం చేరాయి. రాబర్ట్‌సన్‌పేట అన్న పేరు మిగిలింది. ఒక పుణ్యస్థలి తన శిల్పాలను పోగొట్టుకుంది గానీ, ఆ అలంకారం వల్ల బజారుకు పోయిన రేవు తిరిగి రాలేదు.

మరి నేటికీ బందరు పేరును నిలబెడుతున్నవి ఏవి? ఈ ప్రశ్నకు జవాబు కూడళ్ళలో కాక పని జరిగే చోట్ల దొరికింది. పక్కనే ఉన్న పెడనలో కలంకారీ అద్దకం సాగుతున్నది. మా వైపు శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ చెక్క అచ్చులతో వేస్తారు. బట్టను కరక్కాయ నీటిలో తడిపి, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో నలుపును, పటికతో ఎరుపుకు ఆధారాన్ని అచ్చువేసి, పారే నీటిలో జాడించి, రంగు దినుసులతో ఉడికిస్తారు. కాలువ నీరు ఆగినా, మురికి అయినా ఈ పని ఆగుతుంది. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు తెలియని తెలుగు ఇల్లు అరుదు. శనగపిండి పూసను రోట్లో దంచి, బెల్లం, నేయి కలిపి కట్టే బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1923లో ఆంధ్రా బ్యాంకు పుట్టినది కూడా ఈ ఊళ్ళోనే. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైపోయింది. సంస్థ పేరు పోయినా చేతిపని నిలిచింది.

దానికీ ముప్పు లేకపోలేదు. యంత్రం మీద స్క్రీన్‌ప్రింటు వేసిన బట్ట కలంకారీ పేరుతో సగం ధరకే దొరుకుతున్నది. కొనే ఇల్లాలికి తేడా తెలియదు, అమ్మేవారు చెప్పరు. సరుకులోని లోపాన్ని చెప్పి అమ్మాలన్నది మన ఇళ్ళలో పిల్లలకు నేర్పే మొదటి వ్యాపార నీతి. అది తప్పిన చోట నష్టం ఒక్క కొనేవారిదే కాదు, రోజంతా అచ్చు పట్టుకొని నిలబడిన పనివారిది కూడా.

ఇప్పుడు మంగినపూడి వైపు కొత్త రేవు పనులు జరుగుతున్నాయి. 2023 మే 22న శంకుస్థాపన జరిగింది. తొలి దశలో 4 బెర్తులు. రేవు వస్తే భూమి విలువ, దుకాణాల అద్దె పెరుగుతాయి. ఇక్కడ మలేసియాలోని జార్జ్‌టౌన్ అనుభవం గమనించదగినది. దక్షిణ భారత ముస్లిం వర్తకులు 19వ శతాబ్దారంభంలో కపితాన్ కెలింగ్ మసీదు కట్టుకున్న రేవు పట్టణం అది. అక్కడ 2000లో అద్దె నియంత్రణ చట్టం తొలగిపోయింది. అద్దెలు పెరిగి, తరతరాలుగా ఉన్న చిరు వ్యాపారులు, కుటుంబాలు ఎందరో పాత ఊరు విడిచిపోయారు. 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోడలు అందంగా మిగిలాయి. వాటి మధ్య బతికినవారిలో చాలామంది మిగలలేదు.

బందరులో ఆ పొరపాటు జరగకుండా ఉండడానికి ఇంకా సమయం ఉంది. పెడన అద్దకందారులకు, చిలకలపూడి నగల పనివారికి, లడ్డు కట్టే కుటుంబాలకు నడిబజారులో భరించగల అద్దెకు దుకాణాలు కేటాయించవచ్చు. అచ్చుబట్టకు, యంత్రపు బట్టకు వేర్వేరు గుర్తులు తప్పనిసరి చేయవచ్చు. అద్దకానికి ప్రాణమైన కాలువను శుభ్రంగా ఉంచవచ్చు. తుపాను తీరమన్నది మరువక, కొత్త కట్టడాలను ఎత్తైన నేల మీదనే అనుమతించవచ్చు. దీపస్తంభాలు, రంగుల ఫలకాలు ఆ తరువాత.

బందరు అయినా, బంగారుపాళ్యం అయినా, సరుకు తయారుచేసిన చేతికి దక్కవలసినది దక్కినప్పుడే బజారు బజారుగా నిలుస్తుంది. ఆ చేతులు ఖాళీ అయితే, ఎంత పెద్ద ఓడ వచ్చి ఆగినా అది పరాయి సరుకును దించి వెళ్ళిపోతుంది.