యంత్రనిద్ర

నిద్రపోవడం సులభం, మేల్కొన్న మరుక్షణమే పూర్వలోకాన్ని గుర్తించడం కష్టం. తెలుగు స్త్రీల పాటలలో ప్రసిద్ధమైన 'ఊర్మిళాదేవి నిద్ర'లో, పదునాలుగేండ్ల తరువాత కన్నులు తెరచిన ఊర్మిళ ఎదుట ఉన్న భర్తనే పరపురుషుడని భ్రమపడుతుంది. కంప్యూటరుకూ అటువంటి దీర్ఘనిద్ర ఒకటి ఉంది. దానిని హైబర్నేషన్ అంటారు.

ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్‌లో ఈ నిద్ర ఒక క్రమంలో సాగుతుంది. మొదట నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడ స్తంభిస్తాయి. తరువాత ర్యామ్‌లోని విషయం ప్రతిబింబంగా మారి, డిస్కులోని స్వాప్ అనే స్థలానికి చేరుతుంది. ఆపైన విద్యుత్తు ఆగిపోతుంది. మరల మీట నొక్కగానే ప్రతిబింబం ర్యామ్‌లోకి వస్తుంది. సగంలో ఆపిన వాక్యం సగంలోనే కనిపిస్తుంది.

నిద్ర ఆలస్యం కావడానికి తరచుగా డిస్కు రాతే కారణం. లినక్స్ కెర్నెల్ సాధారణంగా ర్యామ్‌లో సుమారు ఐదింట రెండు వంతులను ప్రతిబింబానికి పరిమితిగా ఉంచుతుంది. 8 గిగాబైట్ల ర్యామ్‌కు అది 3.2 గిగాబైట్లు. సెకనుకు 100 మెగాబైట్లు రాసే డిస్కుకు, కుదింపు లేకుంటే, అది 32 సెకన్ల పని. పరిమితిని తగ్గిస్తే రాత తగ్గుతుంది; కాని ముందుగా ర్యామ్‌ను ఖాళీ చేయడానికీ, మేల్కొన్నాక ఆ విషయాన్ని తిరిగి తెచ్చుకోవడానికీ కాలం పడుతుంది. ఒకచోట మిగిల్చిన కాలాన్ని మరొకచోట చెల్లించవలసిందే.

మేల్కొలుపులో విఫలం కావడం ఇంతకంటె బాధాకరం. తెర, నెట్‌వర్క్ కార్డు మొదలైన ప్రతి పరికరాన్నీ దాని డ్రైవరు పూర్వస్థితికి తేవాలి. ఒక్క డ్రైవరు తడబడినా తెర నల్లగా నిలిచిపోవచ్చు. విద్యార్థి రాత్రంతా రాసి, భద్రపరచని ప్రాజెక్టు క్షణంలో మాయం కావచ్చు.

అప్పుడు ఊహలతో ప్రయోజనం లేదు. కెర్నెల్‌లో 'పీఎం టెస్ట్' అనే ఐదు మెట్ల పరీక్ష ఉంది. యంత్రం ఎంచుకొన్న మెట్టు వరకు నిద్రలోకి దిగి, 5 సెకన్లు ఆగి, వెనుకకు వస్తుంది. తొలిమెట్టులో విఫలమైతే ఏదో ప్రోగ్రాము స్తంభించలేదని అర్థం. రెండవమెట్టులో విఫలమైతే డ్రైవరును అనుమానించాలి. అప్పుడు తొలగించదగిన డ్రైవర్లలో సగం తొలగించి మరల పరీక్షించాలి. ఫలిస్తే దోషి తొలగించిన సగంలో, లేకుంటే మిగిలిన సగంలో ఉన్నట్లు. దోషి ఒక్కటే అయితే 64 డ్రైవర్లలో దానిని ఆరు పరీక్షలలో పట్టుకోవచ్చు.

ఒక హెచ్చరిక మరువరాదు. యంత్రం నిద్రలో ఉండగా అదే డిస్కును మరొక వ్యవస్థతో తెరచి మార్పులు చేయరాదు. మేల్కొన్న కెర్నెల్ పాత జ్ఞాపకాన్నే నమ్మి రాయడం వలన దాచుకొన్న సమాచారమంతా నాశనం కావచ్చు.

దోషం ఒక్కచోట ఉన్నప్పుడు యంత్రాన్నంతటినీ నిందించడం తొందరపాటు. నిర్దోషులను క్రమంగా పక్కకు తప్పిస్తూ పోతే దోషం తానే బయటపడుతుంది. అందుకు కావలసినది ఓర్పు. అంతకుముందే కావలసినది, నిద్రపుచ్చే ముందు పనిని భద్రపరచే అలవాటు.