ఇంజను గొంతు

మోటారు వాహనం అడుగున వేలాడే ఆ ఇనుప డబ్బాకు సైలెన్సరు అని పేరు పెట్టినవారు కొంత అత్యాశ పడ్డారనిపిస్తుంది. అది శబ్దాన్ని మాన్పదు, మచ్చిక చేస్తుంది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండిన వాయువును బయటకు వదులుతుంది. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతున్నదనుకుంటే సెకనుకు నూరు విడుదలలు. ఒక్కొక్కటి ఒక చిన్న టపాకాయ వంటిది. నూరు టపాకాయలు సమాన వ్యవధిలో పేలితే చెవి వాటిని విడదీయలేక ఒకే స్వరంగా గ్రహిస్తుంది. మనం ఇంజను చప్పుడు అని తీసిపారేసేది నిజానికి శ్రుతి కలిగిన ధ్వని. ఆ శ్రుతిని చెడగొట్టకుండా తీవ్రతను మాత్రమే తగ్గించాలన్న ఆలోచనకు నూట ఇరవై ఏళ్లు దాటాయి. అమెరికాలో మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే సోదరులు 1897లో ఇంజను సైలెన్సరుకు పేటెంటు పొందారు. కొన్నేళ్ల తరువాత తుపాకీకి సైలెన్సరు చేసిన హైరమ్ పెర్సీ మాక్సిమ్ మోటారు వాహనాలకు కూడా అటువంటివి తయారుచేశాడు. తుపాకీ గొట్టమైనా, కారు గొట్టమైనా సమస్య ఒకటే: ఒత్తిడితో ఉన్న వాయువు ఒక్కసారిగా గాలిలోకి దూకడం.

భౌతికశాస్త్రం బోధించేవాడిగా ఈ సంగతులు తరగతిలో అనేక పర్యాయాలు చెప్పాను. అవి ఇనుములో రూపుదిద్దుకోవడం చూసింది మాత్రం జహీరాబాదులో.

హైదరాబాదు నుండి ముంబయి పోయే జాతీయ రహదారి మీద, సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టణమిది. ఒకప్పుడు మెదక్ జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది. చుట్టూ చెరకు తోటలు. ఇంతటి వ్యావసాయిక ప్రాంతంలో యంత్ర విద్య ఎట్లా వేళ్లూనుకొన్నదని కొత్తవారికి ఆశ్చర్యం కలుగుతుంది. 1980లలో హైదరాబాదు ఆల్విన్ సంస్థ, జపానుకు చెందిన నిస్సాన్ సహకారంతో తేలికపాటి సరుకు వాహనాల కర్మాగారాన్ని ఇక్కడ నెలకొల్పింది. అనంతరం అది మహీంద్రా సంస్థ చేతికి వచ్చింది. ట్రాక్టర్ల తయారీ కూడా తోడయింది. కర్మాగారం ఉన్న ఊళ్లో వెల్డింగు తెలిసిన చేతులకు కొదవ ఉండదు. చెరకు కోతల కాలంలో బరువైన ట్రాలీలను లాగి లాగి డస్సిపోయిన ట్రాక్టర్లు రహదారి పక్క షెడ్ల ముందు బారులు తీరుతాయి. అటువంటి ఒక షెడ్డులోకే మా పెద్దనాన్న తన హెరాల్డు కారును తోయించుకొని వెళ్లాడు.

స్టాండర్డ్ హెరాల్డు నేటి విద్యార్థులకు పరిచయం లేని పేరు. ఇంగ్లండులోని ట్రయంఫ్ సంస్థ రూపొందించిన ఆ కారును మద్రాసు సమీపంలోని వండలూరులో 1961 నుండి తయారుచేశారు. ఇంజను సామర్థ్యం 948 ఘనపు సెంటీమీటర్లు మాత్రమే. అయినా దాని వంశం గొప్పది. ఇటలీ రూపశిల్పి మిచెలొట్టి గీసిన కారు అది. దాని చట్రాన్నే కురచ చేసి 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును వెలువరించారు. రెండింటికీ ముందు భాగమంతా ఒకే మూతగా, మొసలి నోరు తెరచినట్లు, ముందుకు లేస్తుంది. కనుక పెద్దనాన్న రెండు తలుపుల హెరాల్డును స్పోర్ట్స్ కారు అనకపోయినా, స్పోర్ట్స్ కారుకు తోడబుట్టిందనవచ్చు. ఆయన మాత్రం ఒక మెట్టు పైకే వెళ్లి, "తమ్ముడు లండన్‌ల పేరు తెచ్చుకున్నడు, అన్న ఈడ సంసారం ఈదిండు" అనేవాడు.

హెరాల్డు తయారీ 1970లలోనే నిలిచిపోయింది. ఆ సంస్థ కూడా తరువాత మూతపడింది. ఎన్నో ఏళ్లు రేకుల పందిరి కింద నిలిచిన కారుకు ఇంజను బాగుచేయించగలిగారు గాని, సైలెన్సరు చేతితో పట్టుకుంటే పెళ్లలుగా రాలిపోయింది. దీనికి కారణం వర్షం కాదు. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దూర ప్రయాణంలో గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటకు పోతుంది. సంతకు పోయి వచ్చేపాటి ప్రయాణాలలో అది లోపలే చల్లబడి, డబ్బా అడుగున చేరి, ఇనుమును లోపలి నుండి తింటుంది.

కొత్తది చేయించాలి. ఎటువంటిది చేయించాలన్న దగ్గర ఇంట్లో తగవు మొదలయింది.

ఇంటర్మీడియట్ చదువుతున్న మనవడికి అడ్డులేని నిట్టనిలువు గొట్టం కావాలి. వీధి మలుపు తిరగకముందే అందరూ తలలు తిప్పి చూడాలి. పైగా అడ్డు తీస్తే ఇంజను బలం పెరుగుతుందని అతని వాదం. ఇందులో సగమే నిజం. సిలిండరు నుండి దూసుకొచ్చిన ప్రతి వాయు తరంగం వెనుక కొంత అల్పపీడనం ఏర్పడి, తరువాతి వాయువును లాగుతుంది. గొట్టం మరీ వెడల్పయితే వాయు వేగం తగ్గి ఆ లాగుడు సడలిపోతుంది; చిన్న ఇంజను ఎత్తు ఎక్కేటప్పుడు నీరసిస్తుంది. ఇక తలలు తిప్పి చూసే సంగతి. ఆ వీధి చివర ఒక ప్రసూతి ఆసుపత్రి ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రి చుట్టూ నూరు మీటర్ల మేర నిశ్శబ్ద మండలం. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ మించరాదు. డెసిబెల్ లెక్క మోసపూరితమైనది. పది పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది. వాహనానికి సైలెన్సరు తప్పనిసరి అని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. నగరాలలో పోలీసులు మోత మోగించే సైలెన్సర్లను రోడ్డు మీద పరచి రోలరుతో తొక్కించిన దృశ్యాలు పత్రికలలో చూసే ఉంటారు.

మనవణ్ణి ఒప్పించడానికి నియమాలు చాలవని నాకు తెలుసు. పెద్దనాన్న ఒక్క మాటే అన్నాడు: "నువ్వు చెప్పేది బండి గొంతు కాదురా, బండి బొబ్బ."

ఆయన కోరిక వేరు. హైదరాబాదు శివార్లలోని ఒక కర్మాగారంలో రేకులు వత్తే ప్రెస్సుల మధ్య ముప్పై ఏళ్లు పనిచేశాడు. పెద్ద శబ్దాల మధ్య దీర్ఘకాలం గడిపినవారికి చెవిలో హెచ్చు స్థాయి ధ్వనులను పట్టే సున్నితమైన కణాలు ముందుగా నశిస్తాయి. సాధారణంగా సెకనుకు నాలుగు వేల కంపనాల ప్రాంతంలో మొదట లోపం కనిపిస్తుంది. హల్లుల స్పష్టత చాలావరకు ఆ పై స్థాయిలోనే ఉంటుంది. అందుచేత ఆయనకు 'పాలు' అన్నా, 'కాలు' అన్నా, 'తాలు' అన్నా ఒకటే. అచ్చులు వినిపిస్తాయి, మాట అందదు. ఇంట్లో పదిమంది నవ్వుకుంటుంటే తాను ముఖాలను చదువుకుంటూ కూర్చునేవాడు. అయితే మంద్ర ధ్వనులు ఆయనకు ఇంకా అందుతాయి. సెకనుకు యాభై, నూరు కంపనాల ఇంజను గొంతు ఆ మంద్ర స్థాయిలోనిదే. మనుషుల మాటలు జారిపోయిన చెవికి ఆ కారు మాట మిగిలి ఉంది. దానిని పూర్తిగా నోరు మూయించవద్దని, పాతదాని వలెనే పలికించమని ఆయన ఉస్తాదును అడిగాడు.

ఉస్తాదు ట్రాక్టర్ల సైలెన్సర్లకు ప్రసిద్ధి. అతను తల గోక్కొని, "శబ్దం పెంచుడు అల్కనే సార్, డబ్బ కోసి పారేస్తే అయిపాయె. తగ్గించుడు గూడ అల్కనే. మంచిగ చేసుడే కష్టం" అన్నాడు. సైలెన్సరు విద్యను ఇంతకంటె సంగ్రహంగా చెప్పిన గ్రంథం నేను చూడలేదు.

పని నాలుగు రోజులు సాగింది. వెనుక ఇరుసును తప్పించుకుంటూ గొట్టాన్ని వంచాలి. ఉత్త గొట్టాన్ని వంచితే మలుపు దగ్గర నొక్కుకుపోయి దారి ఇరుకవుతుంది. అతను గొట్టం నిండా ఎండిన సన్నని ఇసుక దట్టించి, రెండు చివరలా బిరడాలు కొట్టి, మలుపు చోట ఎర్రగా కాల్చి, తొందరలేకుండా వంచాడు. లోపలి ఇసుక గోడలను కూలనివ్వదు. పెద్ద కర్మాగారాలలో ఇదే పనికి ఖరీదైన యంత్రాలున్నాయి. డబ్బాలో చిల్లుల గొట్టం అమర్చి, దాని చుట్టూ గ్లాస్ ఊలు కూరాడు. గరుకైన హెచ్చు స్థాయి ధ్వనులను ఆ ఊలు పీల్చుకుంటుంది. మంద్ర స్వరం మాత్రం దాటిపోతుంది. ఆసుపత్రివారికి, పెద్దనాన్నకు సంధి కుదిరింది అక్కడే. డబ్బా అడుగున అత్యల్ప స్థానంలో నీరు కారిపోయేందుకు సన్నని బెజ్జం వేశాడు.

అమరిక విషయంలో అతని పట్టుదల నాకు మరింత నచ్చింది. ఇంజను రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది; చట్రం ఊగదు. గొట్టాన్ని రెండింటికీ బిగిస్తే ఎక్కడో ఒకచోట పగులుతుంది. పైగా రెండున్నర మీటర్ల ఉక్కు గొట్టం మూడు వందల డిగ్రీలు వేడెక్కితే దాదాపు సెంటీమీటరు సాగుతుంది. అందుకని రబ్బరు పట్టీలతో వేలాడదీసి, వెనుక చివర వేలు దూరేంత ఖాళీ వదిలాడు. కారు కిందికి దూరి ప్రతి చోటా గొట్టాన్ని కదిపి చూసి, ఒక అతుకు దగ్గర బలవంతంగా కూర్చుంటున్నదని మొత్తం విప్పి మళ్లీ చేశాడు. మాకు ఎవరికీ కనిపించని తేడా అది.

తొలిసారి రహదారి మీద నడిపినప్పుడు ధ్వని హాయిగానే ఉంది. గంటకు 75 కిలోమీటర్ల దగ్గర మాత్రం కారు లోపల తల దిమ్మెక్కించే హోరు పుట్టింది. ఆ వేగంలో ఇంజను చుట్లు సుమారు మూడు వేలు. అంటే ముందు చెప్పిన నూరు కంపనాలే. ఒక చివర మూసిన గొట్టం గురించి మీరు భౌతికశాస్త్రంలో చదువుతారు. తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు పొడవున్న అటువంటి పక్క గొట్టంలోకి వెళ్లిన తరంగం మూసిన చివర తగిలి, ప్రధాన తరంగానికి ఎదురుగా తిరిగివచ్చి దానిని అణచివేస్తుంది. మూడు వందల డిగ్రీల వాయువులో ధ్వని వేగం సెకనుకు సుమారు 480 మీటర్లు. తరంగదైర్ఘ్యం 4.8 మీటర్లు, నాలుగో వంతు 1.2 మీటర్లు, ఇంచుమించు నాలుగడుగులు. నేను సుద్దముక్కతో నేల మీద లెక్క వేశాను. ఉస్తాదు శ్రద్ధగా విని, "లెక్క మీది, కోత నాది" అంటూ గొట్టాన్ని జానెడు పొడవుగానే ఉంచి, చివర జరిపేందుకు వీలైన బిరడా పెట్టాడు. వాయువు వేడి చోటుచోటుకూ మారుతుంది గదా! బిరడాను జరుపుతూ రహదారి మీద ఆరేడుసార్లు తిరిగారు. నాలుగడుగులకు రెండంగుళాలు పైన హోరు అణగిపోయింది. అక్కడ వెల్డింగు చేసేశాడు.

ఆ సాయంత్రం పెద్దనాన్నను ముందు సీటులో కూర్చోబెట్టుకొని మనవడే నడిపాడు. నేను వెనుక ఉన్నాను. ఆసుపత్రి ముందు నుండి పోయాము. గేటు దగ్గర కూర్చున్న కాపలాదారు తల ఎత్తలేదు. మనవడి ముఖం కొంచెం చిన్నబోయింది. ఊరు దాటాక పెద్దనాన్న అరచేతిని డాష్‌బోర్డు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. కొంత దూరం పోయాక, "ఆపు. ఒక సిలిండరు తప్పుతున్నది" అన్నాడు. మాకు ఏ తేడా వినిపించలేదు. మనవడు నవ్వబోయి, తాత ముఖం చూసి కారును పక్కకు ఆపాడు. ముందు మూత ఎత్తి ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పాడు. మూడోది మసిబారి ఉంది.

అతను దానిని తాతకు చూపించి, చెవి దగ్గరకు వంగి కాక, ఎదురుగా నిలబడి పెదవులు కనిపించేటట్లు నెమ్మదిగా అడిగాడు: "ఎట్ల తెలిసింది తాతా?"

పెద్దనాన్న అతని చేతిని తీసుకొని, ఇంజను నడుస్తుండగా, డాష్‌బోర్డు మీద పెట్టించాడు.