పుట్టినింటి త్రోవ

ఈయేడు దసరాకు, తమ్మునిపై నలిగి, పుట్టినింటికి బోనైతిని. కార్తికమున మా కొత్తకోటనుండి అలంపురము చూడబోయితిమి. ఆ యూరి వృద్ధురాలొకతె ముందు నడచుచు, క్రీ.శ. 7, 8 శతాబ్దములలో బాదామి చాళుక్యులు తుంగభద్ర యొడ్డున గట్టించిన నవబ్రహ్మాలయములను ఒక్కొక్కటిగా జూపెను. బాలబ్రహ్మేశ్వరునికి మ్రొక్కి, స్వర్గబ్రహ్మాలయపు శిల్పములను గాంచి, సంగమేశ్వరాలయము జేరితిమి. కృష్ణాతుంగభద్రలు కలియు కూడవెల్లి 1980వ దశకమున శ్రీశైల జలాశయమున మునిగినది. అంతకుముందే యా గుడిని రాయి రాయి విప్పి తెచ్చి, యిచట మరల నిలిపిరి.

ముదుసలి గోడను నిమురుచు, "గుడి వచ్చింది తల్లీ, మా తల్లిగారిల్లు రాలే" అనెను. పిదప నదిలో బసుపుకుంకుమలు విడిచెను. నాకు నోట మాట రాలేదు.

ఇల్లు చేరినంతనే తమ్మునికి జాబు వ్రాసితిని: "సంక్రాంతికి వచ్చుచున్నాను."