ఒకేలా కనిపించిన రెండు నావలు

మేం ఇంటికి సొంత నావ కొన్నామండీ. పంటు వేళకి మనం పోవాలి గానీ, మన వేళకి పంటు రాదు కదా. 2022 జూలై వరద మీకూ గుర్తే. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17 లక్షల క్యూసెక్కులకి, ఆ ఏడు 25 లక్షలు దాటింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మా ఆవిడకి ఈత రాదు.

రెండు ఫైబర్ నావలు చూశాం. పొడవు ఒకటే, రంగు ఒకటే, ధరలో రెండు మూడు వేలే తేడా. అమ్మేవాడు "ఏదైనా ఒకటేనండీ" అన్నాడు. మా నాన్న రెండూ నీళ్లలోకి దింపించి, ఒక్కోదాని అంచు మీద కాలేసి నిలబడ్డాడు. మొదటిది చప్పున ఒరిగిపోయింది. రెండోది కాస్త ఒరిగి ఆగింది. దాని అడుగు చదును, వెడల్పు ఎక్కువ. మన పంటు చూడండి, రెండు నావలు ఎడంగా పెట్టి పైన బల్లలు పరుస్తారు. జనం ఒక పక్కకి జరిగినా ఆ పక్క నావ మోస్తుంది. అదే లెక్క.

బల్లల కింద గదులు కూడా చూడాలి. మొదటిదాంట్లో మూత తీసి సామాన్లు పెట్టుకోవచ్చని గొప్పగా చెప్పాడు. నీళ్లూ అలాగే దూరతాయి కదా! రెండోదాంట్లో పూర్తిగా మూసేశారు. నావ నిండినా తేలేది ఆ గాలితోనే.

వెడల్పు నావ ఎదురు నీటికి బరువుగా నడుస్తుంది, నిజమే. అయినా అదే తీసుకున్నాం. పిల్లలకి వాళ్ల కొలతవే లైఫ్ జాకెట్లు కొన్నాం, పెద్దవైతే తలమీంచి జారిపోతాయి.

ఇంజను ఇంకా కొనలేదు. మీ రేవులో ఏది బాగా నడుస్తోందో చెప్పండి.