రజ్జువని తెలిసిన సర్పం

రజ్జుసర్పభ్రాంతి వేదాంతవిచారణలో మనకు చిరపరిచితమైన దృష్టాంతం. మసకచీకటిలో త్రాడు పామై తోస్తుంది. దీపం రాగానే పాము తొలగి త్రాడు మిగులుతుంది. మరి దీపం వెలుగుతూ ఉండగానే, ఇది త్రాడేనని స్పష్టంగా ఎరిగి ఉండి కూడా ఆ సర్పరూపానికి ముగ్ధులమైతే, ఆ స్థితిని ఏమనాలి? ఈ ప్రశ్న నాకు శాస్త్రగ్రంథం నుండి కాక మా గరాజు నుండి ఉదయించింది. డెట్రాయిట్ శివారులోని ఆ గరాజులో ఎనిమిదేళ్ళుగా ఒక కోబ్రా నివసిస్తున్నది. నామతః నాగుపాము; స్వరూపతః ప్రతికృతి.

మూలమైన కోబ్రా వృత్తాంతం సంక్షిప్తంగా ఇది. 1959లో లే మాన్ పందెం గెలిచిన అమెరికన్ చోదకుడు కారల్ షెల్బీ, హృద్రోగం చేత పందాలు విడిచి, 1962లో ఇంగ్లండుకు చెందిన ఏసీ సంస్థవారి ఏస్ అనే తేలికైన కారులో ఫోర్డువారి వీ-8 ఇంజనును ప్రతిష్ఠించాడు. ఆ దశకంలో తయారైనవి సుమారు 1000 మాత్రమే. 1965లో ఆ వంశపు కార్లు ఫెరారీని అధిగమించి గ్రాండ్ టూరింగ్ తరగతిలో ప్రపంచవిజయం సాధించాయి. వాటిలో మొట్టమొదటిది 2016లో వేలంపాటలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది. జీతంపై ఆధారపడిన గృహస్థుకు అది అందని మ్రానిపండు. ప్రతికృతి అయితే కొన్ని పదుల వేల డాలర్లలో లభిస్తుంది.

మూలానికి దేహం చేతితో మలచిన అల్యూమినియం; నా దానికి ఫైబర్‌గ్లాసు. ఇంజను ఒక పాత మస్టాంగు నుండి తీసిన 302 ఘనాంగుళాలది. అయినా తాళంచెవి త్రిప్పిన క్షణంలో ఈ భేదాలేవీ మనసుకు తోచవు. పైకప్పు లేదు, మధ్యవర్తిత్వం వహించే యంత్రబుద్ధి లేదు. చక్రం క్రింది ప్రతి గులకరాయి అరచేతికి తెలుస్తుంది. చిత్తం గతాన్నీ భవిష్యత్తునూ విడిచి ఎదుటి మలుపు మీదనే నిలుస్తుంది.

మరొక లాభం కూడా ఉన్నది. కోట్ల విలువైన మూలాన్ని పొందినవారిలో అనేకులు దానిని నడపడానికే జంకుతారు. తాళం వేసిన గదిలో అది వారి ఐశ్వర్యానికి సాక్షిగా నిలిచి ఉంటుంది. వస్తువు యజమానిని సేవిస్తున్నదా, యజమానియే దానికి కావలి కాస్తున్నాడా అన్నది సందేహమే. నా కారు వానలో తడిసింది, రాళ్ళదెబ్బలు తిన్నది. ఆ గీతలను చూసి నా నిద్ర చెడలేదు.

ఇక దోషాల మాట. దీనిలో ఎయిర్‌బ్యాగులు లేవు. చక్రాలు జారకుండా బ్రేకులను నియంత్రించే వ్యవస్థ లేదు. వేసవిలో పాదాలు పెట్టే చోటు కొలిమిలా కాగుతుంది. ప్రక్కలకు అమర్చిన పొగగొట్టాలు దిగేటప్పుడు పిక్కకు తగిలితే బొబ్బ లేస్తుంది. దానిని కోబ్రా యజమానులు పాముకాటు అనే వ్యవహరిస్తారు. త్రాడని తెలిసినా ఈ పాము కరుస్తుంది! విడిభాగాలు భిన్నవాహనాలకు చెందినవి గనుక, ఏది ఎక్కడిదో వ్రాసి ఉంచిన పుస్తకం లేనిదే మెకానిక్కు కూడా నిస్సహాయుడవుతాడు. నిర్మించినవాని నైపుణ్యాన్ని బట్టి ప్రతి కారు గుణం మారుతుంది. అందువలన కొనుగోలుదారు శంకిస్తాడు, బీమావారు ముందుగానే విలువ నిర్ణయించమంటారు. మిషిగన్ శీతకాలంలో అది నెలల తరబడి నిద్రలోనే ఉంటుంది, ఖర్చు మాత్రం నిద్రపోదు.

వీటన్నిటికంటే గురుతరమైనది వేరొకటి. గత సంవత్సరం మా అమ్మాయికి పదహారేళ్ళు నిండి, చోదకపత్రం చేతికి రాగానే, "నాన్నా, కోబ్రా ఒక్కసారి నడుపుతాను" అన్నది. వద్దన్నాను. కారణాలన్నీ వివరించాను. శ్రద్ధగా విని, "నాకు ప్రమాదమైనది నీకెలా కాదు, నాన్నా?" అని అడిగింది. మా శ్రీమతి అందుకుని, "మీరు వెళ్ళేటప్పటి ధ్వని వింటారు, నేను తిరిగివచ్చే ధ్వని కోసం వింటాను" అన్నది. ఆ రెండు వాక్యాలకు నా తర్కంలో ప్రత్యుత్తరం లేదు. నాటి నుండి హైవే మీదికి గాని, రాత్రివేళ గాని దానిని తీసుకుపోవడం లేదు. ఆనందం నాది ఒక్కనిదే అయినా, భయం ముగ్గురిదని ఆ సాయంత్రం బోధపడింది.

సత్యానికి సంబంధించిన పరీక్ష మరొకటి. డెట్రాయిట్ శివార్లలో ప్రతి ఆగస్టులో వుడ్‌వర్డ్ మార్గంలో పాత కార్ల మహోత్సవం జరుగుతుంది. అక్కడ ఒక వృద్ధుడు నా కారుపై చేయి వేసి, యౌవనంలో ఇటువంటిదానిని చూశానని గద్గదస్వరంతో చెబుతూ, "అసలుదేనా?" అని అడిగాడు. మౌనంగా చిరునవ్వినా ఆయన ఔననే గ్రహించేవాడు. "కాదండీ, ప్రతికృతి" అన్నాను. ఆయన చేయి వెనుకకు వెళ్ళింది. కొంతసేపటికి నవ్వి, "సరే, ఇంజను మ్రోగించు, విందాం" అన్నాడు. విన్నంతసేపు కళ్ళు మూసుకున్నాడు.

విచారిస్తే, ఆ మూలానికి మాత్రం మూలమేది? కోబ్రాకు ఆధారమైన ఏస్ రూపురేఖలే ఫెరారీ 166 బార్కెట్టాను తలపిస్తాయి. రూపం ఎవరి సొత్తూ కాదు. చేతి నుండి చేతికి ప్రవహిస్తుంది. కాని 1965 నాటి విజయం, ఆ చోదకులు ఒడ్డిన ప్రాణం, ఆ శిల్పుల శ్రమ మాత్రం వారివే. ఫైబర్‌గ్లాసు దేహం ధరించినంత మాత్రాన ఆ యశస్సు నాకు సంక్రమించదు. రూపాన్ని అనుభవించవచ్చు, చరిత్రను అపహరించరాదు. ఈ వివేకం నిలిచినంతకాలం ప్రతికృతిలో అసత్యం లేదు. అది మనవద్ద నుండి జారిన క్షణంలో, అబద్ధమాడేది కారు కాదు, మనమే.

ఇటువంటి వాహనాన్ని పొందగోరే మిత్రులకు నాదొక్కటే విన్నపం. ధర అడగడానికి ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎవరైనా అసలుదేనా అని అడిగితే నిస్సంకోచంగా కాదనగలరా? మీ రాకకై ఇంట్లో చెవియొగ్గేవారు ఎవరు?