కడప మా ఇంటికి నేరుగా దక్షిణం

హైదరాబాద్ పాతబస్తీలో, లాల్‌దర్వాజాలో పెరిగిన నాకు కడప అంటే ఒక రాత్రి రైలు. అక్కను ఆ ఊరికిచ్చాం. కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మహబూబ్‌నగర్, కర్నూలు, డోన్, గుత్తి, తాడిపత్రి దాటాక కడప. రైలు గుత్తి దాకా పడమరకు ఒరిగి పోతుంది కదా, కడప కూడా ఆ పడమటి వైపే ఎక్కడో ఉందని నా బుర్రలో పాతుకుపోయింది.

2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద తొలి విమానాలు లేచాయి. సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాద్‌లతో పాటు కడప–హైదరాబాద్ కూడా. గంటసేపటి ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలు మించకూడదని అప్పటి లెక్క. ఆ మే నెలలోనే అక్క కూతురికి ఓణీల వేడుక. అమ్మకు మోకాళ్ల నొప్పులు. టికెట్లు తీశాను.

తెల్లవారుజామున అలియాబాద్, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట. బార్కాస్‌లో హోటళ్లు అప్పుడే షట్టర్లు ఎత్తుతున్నాయి. పహాడీషరీఫ్ గుట్ట పక్కనుంచి శంషాబాద్. ఈ దారి పాతబస్తీ వాళ్లకు పెరటిగుమ్మం లాంటిది. సామానులో సగం ఉస్మానియా బిస్కెట్లే.

ఏటీఆర్ విమానాన్ని చూసి అమ్మ ఆగిపోయింది.

“ఏందిరా, దీనికి పంకలున్నయ్?”

“అవేనమ్మా నడిపించేది.”

ఎక్కేది తోక దగ్గరి తలుపులోంచి. ముందు భాగం సామానుకు. డెబ్బై మంది పట్టే బండి అది, పాతిక వేల అడుగులు దాటి పైకి పోదు. రెక్కలు కిటికీలకు పైన ఉంటాయి కనుక కింద నేల మొత్తం మనదే. పెద్ద విమానాల్లో నాకెన్నడూ దక్కని సుఖం ఇది.

రెండు విమానాశ్రయాల మధ్య గీత గీస్తే దాదాపు 305 కిలోమీటర్లు. గంటకు 500 చొప్పున పోతే 37 నిమిషాలు చాలాలి. టికెట్ మీద మాత్రం గంటకు దగ్గరగా వేశారు. రన్‌వే దాకా పాకడం, మెల్లగా పైకెక్కడం, దిగేముందు వరుసలోకి రావడం, అన్నీ అందులోనే. చక్రాలు లేచినప్పటి నుంచి నేల తాకేదాకా నా గడియారంలో 45 నిమిషాలు.

మధ్యలో కృష్ణ. శ్రీశైలం జలాశయం వెనక్కి తగ్గి, ఒడ్డున మట్టి బీటలు వారి ఉంది. ఆ తర్వాత నల్లమల, మడతలు మడతలుగా. మా రైలు ఎన్నడూ చూపించని అడవి. చూపించదు కూడా, కడప మీదుగా పోయే మద్రాసు–రాయచూరు లైను 1871 నాటికే పూర్తయింది, దాన్ని అందుకోవడానికే మా బండి గుత్తి దాకా పడమరకు పోవాలి. ఫోన్‌లో మ్యాపు తీసి చూశాను. కడప పడమరా కాదు, నైరుతీ కాదు. మా ఇంటికి నేరుగా దక్షిణం, ఓ పిసరు తూర్పుకు.

అక్క ఇంట్లో ఎర్రకారం దోసెల ముందు కూర్చుని ఈ సంగతి చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించింది.

“నేను దక్షిణం దిక్కు తలవెట్టే పండుకుంట గద. గిన్నేండ్ల సంది నా బిడ్డ దిక్కే తలవెట్టిన్నా?”

అక్క మాట ఎప్పుడో కడప యాసకు తిరిగిపోయింది. కళ్లు తుడుచుకోకుండానే, “తినుమా ముందు, దోసె చల్లారిపోతాది” అంది.