వాషర్ ఎవరిది, గోడ ఎవరిది?

మాది ఉప్పాడ. సముద్రానికి దగ్గర్లోనే అద్దె ఇల్లు. మా ఊళ్ళో ఇనుము ఎక్కువ కాలం బతకదు. కిటికీ ఊచలు, గేటు, తలుపు బందులు, ఆఖరికి స్విచ్‌బోర్డు స్క్రూలు కూడా ఉప్పుగాలికి తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలిపోతాయి. మరి ఆ ఖర్చు ఎవరిది?

మొన్న వేసవిలో మేం ఇల్లు మారదామనుకున్నప్పుడు ఓనరు గారు ఊచలు చూసి, "ఇవన్నీ మార్పించాలమ్మా, అడ్వాన్సులో తగ్గించుకుంటాను" అన్నారు. ఆ అడ్వాన్సు నా ఫీజు కోసం అమ్మ లెక్కలో పెట్టుకున్న డబ్బు. "కుళాయి వాషర్లు మేమే వేయించుకున్నామండి, స్విచ్‌లు మేమే మార్చుకున్నామండి. సముద్రం గాలిని కూడా మేమే ఆపాలాండి?" అంది అమ్మ.

కోడింగ్ పక్కన పెట్టి ఆ రాత్రి చట్టం చదివాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108. వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేకపోతే, ఇల్లు ఎలా తీసుకున్నామో అలాగే అప్పగించాలి. కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని శక్తి వల్ల జరిగే నష్టం మన నెత్తిన పడవు. ఓనరు చేయించాల్సిన రిపేరు, చెప్పిన తర్వాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, మనమే చేయించి వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు.

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇంకా వివరంగా జాబితా ఉంది. కుళాయిలు, వాషర్లు, డ్రైనేజీ శుభ్రం, స్విచ్‌లు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, దోమతెరలు అద్దెకున్నవాళ్ళవి. గోడలు, సున్నం, తలుపుల రంగు, పైపులు, వైరింగ్ ఓనరువి. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తీసుకుంటేనే అమలవుతుంది. అయినా మాట్లాడుకోవడానికి మంచి ఆధారం.

మా ఇంట్లో ఇంకో లెక్క కూడా ఉంది. అమ్మ నేసేది జాందానీ చీరలు. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ చీరలే. గుంట మగ్గం కాబట్టి కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో గొయ్యి తవ్వాలి. మగ్గం మనది, తీసుకెళ్ళొచ్చు. నేల మాత్రం మునుపటిలా చేసి ఇవ్వాలి అని అదే సెక్షన్ చెప్తుంది. నేను చదివి వినిపిస్తే, "దానికి చట్టమెందుకురా, తవ్వినోళ్ళమే పూడుస్తాం" అంది అమ్మ.

చివరికి పగిలిన కిటికీ అద్దం, గొయ్యి పూడ్చి గచ్చు చేయించడం మేం ఒప్పుకున్నాం. ఊచలు ఆయన వదిలేశారు. వదిలేస్తూ, "గాలి మీది కాదు సరే, నాదీ కాదు కదమ్మా" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మా ఊళ్ళో సముద్రం ఇళ్ళకి ఇళ్ళే మింగేసింది. వరదకో తుఫానుకో ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే అద్దెకున్నవాళ్ళు ఒప్పందం రద్దు చేసుకుని వెళ్ళిపోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. ఓనరు ఎక్కడికి వెళ్తాడు?

హాస్టల్ వదిలి రూమ్ తీసుకుంటున్న మిత్రులకి ఒక్క మాట. చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్‌లు ఫొటోలు తీసి ఓనరుకి వాట్సాప్ చెయ్యండి. ఏ రిపేరు ఎవరిదో అగ్రిమెంటులో రాయించుకోండి. ఏదైనా పాడైతే ఆ రోజే మెసేజ్ పెట్టండి. గొడవ పడే రోజు రాకముందే ఇద్దరి దగ్గరా ఒకే లెక్క ఉండాలి.